బర్కుడా దీవి కాళ్లులేని నలికండ్లపాము లాంటిది మన వైపు ఎవరైనా చూశారా?

శారద టీచర్, కందుకూరు
సెప్టెంబరు 21, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. నిన్న మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక హార్లిక్స్ సీసా పట్టుకొచ్చాడు. వాళ్ల ఇంటి వెనక పెంటదిబ్బ ఎత్తుతుంటే ఒక ప్రాణి బయటపడిందట. కూలీలు పారతో ఒక దెబ్బ వేశాక వీడు అడ్డుపడి, మట్టితో సహా దాన్ని సీసాలోకి ఎక్కించాడు. తోక అప్పటికే తెగిపోయింది. తెగిన ముక్క ఎగిరెగిరి పడుతుంటే అందరూ దాన్నే చూస్తూ ఉండిపోయారని, అందువల్లే ఇది దక్కిందని చెప్పాడు.

స్టీలు పళ్లెంలో తడిమట్టి పరిచి దాన్ని వదిలాం. అది నలికండ్లపాము, పేరులో పాము ఉన్నా బల్లి జాతిదే. పెన్సిలంత లావు. రాగి రంగు ఒంటి మీద బారులు తీరిన నల్లచుక్కలు. పళ్లెం కాస్త వంచితే నూనె రాసినట్టు మెరిసింది. నాలుగు కాళ్లూ ఉన్నాయి, కాని ఒక్కొక్కటి వడ్లగింజ కంటే పెద్దది కాదు. తొందర పడినప్పుడు ఆ కాళ్లను ఒంటికి అదిమిపెట్టుకుని అచ్చంగా పాములాగే జారుతోంది. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి వంగి చూసి, "పాము రెప్ప వేయదు కదా టీచర్, ఇది వేసింది" అంది. అప్పటిదాకా నేనూ గమనించలేదు. కింది రెప్ప పైకి లేచి కన్ను మూసుకుంది, మళ్లీ దిగింది.

సాయంత్రం దాన్ని మళ్లీ ఆ దిబ్బ పక్కనే వదిలేశాం. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒడిశాలో చిల్కా సరస్సు మధ్య బర్కుడా అనే దీవిలో అసలు కాళ్లే లేని నలికండ్లపాము ఒకటి ఉందని ఎప్పుడో చదివాను. మన శ్రీహరికోట కూడా సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న దీవే కదా. అలాంటిది మన వైపు ఉండే వీలుందా? తెలిసినవారు చెప్పండి.

నిమ్మతోట, రాపూరు
సెప్టెంబరు 21, రాత్రి 10:02

టీచర్ గారూ, మా ఇంట్లో నలికిరి అంటారు. అది కరవదు, నాకుతుంది, నాకితే మనిషి బతకడు అని మా అమ్మ చెప్పేది. నిమ్మచెట్ల పాదులు తవ్వేటప్పుడు ఏడాదికి నాలుగైదు కనిపిస్తాయి. దాచేదేముంది, కనిపించినవన్నీ చంపాం. నిజంగా విషం ఉందా? లేకపోతే ఇన్నేళ్లూ చేసింది తప్పే.

పాత అడవి
సెప్టెంబరు 22, ఉదయం 6:30

విషం లేదు నాయనా. మన దేశంలో ఉన్న ఏ నలికిరికీ విషం లేదు. కోరలు లేవు, విషగ్రంథి లేదు. నాకితే చస్తారన్న మాట మన దగ్గరే కాదు, తమిళం వాళ్లలోనూ ఇలాంటిది ఉంది. నలికిరిని వాళ్లు అరణై అంటారు, దాని మీద చెప్పుకుంటారు. పాముకూ బల్లికీ మధ్యన ఉన్నట్టు కనిపించే ప్రాణి కాబట్టి పాము మీది భయమంతా దీని నెత్తిన పడింది. నేను అడవి శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. వీటిని చేత్తో పట్టుకున్నాను. మహా అయితే చిన్న పళ్లతో గిల్లినట్టు ఉంటుంది.

టీచర్ గారు చెప్పినది మన దగ్గర మామూలుగా దొరికే చుక్కల నలికిరి. దీని పిల్లలకు తోక ఎర్రగా ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ ఎరుపు పోతుంది. తోటల్లో ఎండలో తిరిగే లావుపాటి నలికిరి వేరు. దాని పొలుసుల మీద గీతలు ఉంటాయి, కాళ్లు దృఢంగా ఉంటాయి.

ఇక కాళ్లు లేనిది దొరికితే పామా కాదా అని తేల్చడానికి కన్ను, చెవి, పొట్ట చూడాలి. పాముకు రెప్ప ఉండదు, ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. పాముకు బయటికి చెవి రంధ్రం ఉండదు. మట్టిలో ఉండే నలికిరికి అది సూదిమొనంతే ఉండవచ్చు, ఓపికగా వెతకాలి. పాము పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పలకలు ఉంటాయి, నలికిరికి వీపు మీదా పొట్ట కిందా ఒకే తీరు పొలుసులు. ఈ చివరి గుర్తు గుడ్డిపాము విషయంలో పనికిరాదు. దానికీ చుట్టూ ఒకే తీరు పొలుసులే. గుడ్డిపాము కళ్లు పొలుసు కింద రెండు నల్లచుక్కల్లా ఉంటాయి. వానపాము అనుకుని మనం తొక్కేసేవాటిలో అది ఒకటి.

కడలి కెరటం, అల్లూరు
సెప్టెంబరు 22, మధ్యాహ్నం 1:40

నేను రొయ్యల చెరువుల పని మీద రెండేళ్లు గంజాం వైపు ఉన్నాను. చిల్కా దక్షిణపు అంచున రంభా అనే ఊరు ఉంది. బర్కుడా దీవి అక్కడికి దగ్గరే. పడవలో పక్కగా వెళ్లాను గాని దిగలేదు. దిగనందుకు ఈ రోజు బాధగా ఉంది.

దాని కథ ఇది. నెల్సన్ ఆనండేల్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త 1916లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మొదటి అధిపతి. చిల్కాలోని జీవులన్నిటినీ లెక్కరాసే పనిలో ఉండగా ఆ చిన్న దీవిలో ఈ ప్రాణి దొరికింది. మర్రిచెట్ల వేళ్ల చుట్టూ వదులుగా ఉండే మట్టిలో ఉంటుంది. ముందుకాళ్లు లేవు, వెనక కాళ్లు లేవు, చూడగానే పెద్ద వానపాము అనిపిస్తుంది. అప్పటిదాకా తెలిసిన ఏ ప్రజాతిలోనూ, అంటే దగ్గరి జాతుల ఏ గుంపులోనూ, ఇమడలేదు కాబట్టి ఆ దీవి పేరునే ప్రజాతికి పెట్టి 1917లో బర్కుడియా ఇన్సులారిస్ అని ప్రకటించాడు. ఇన్సులారిస్ అంటే దీవిలో ఉండేది అని లాటిన్ మాట. ఆ తర్వాత అది కనిపించిన సందర్భాలు చాలా తక్కువ. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చారు.

ఇంకొక్క మాట. 1917లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఒరిస్సాలో కలిసింది 1936లో. అంటే దాన్ని కనుగొన్న రోజున బర్కుడా, నెల్లూరు ఒకే ప్రెసిడెన్సీ.

ఓబులేసు, కనిగిరి
సెప్టెంబరు 22, రాత్రి 8:20

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోవద్దు. మా వైపు తాగే నీటిలో ఫ్లోరైడు, ఎముకలు వంగిపోయిన మనుషులు ఇంటింటా ఉన్నారు. ఎక్కడో దీవిలో మట్టి కింద, ఎవరి కంటికీ కనిపించని పురుగు లాంటి ప్రాణి ఉంటే మనకేమిటి, పోతే మనకేమిటి? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

శారద టీచర్, కందుకూరు
సెప్టెంబరు 22, రాత్రి 9:50

ఓబులేసు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కనిగిరి నీళ్ల గురించి నేను కాదనలేను. కాని మనకేమిటి అన్న దానికి ఈ రోజు మా తరగతిలో జరిగింది చెబుతాను.

కాళ్లు ఉన్న ప్రాణి కాళ్లు ఎందుకు పోగొట్టుకుంటుందని ఒక పిల్లవాడు అడిగాడు. మధ్యాహ్న భోజనం గది నుంచి బియ్యం డబ్బా తెప్పించాను. వేళ్లు బాగా విప్పి చెయ్యి లోపలికి దించమన్నాను. మణికట్టు దాకా కూడా దిగలేదు. వేళ్లు దగ్గరికి చేర్చి, చెయ్యి కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ దించమన్నాను. మోచేతి దాకా దిగింది. ముప్పై ఎనిమిది మందీ వరసగా వచ్చి చెయ్యి పెట్టి చూశారు. వదులు మట్టిలో ఈదేవాడికి విప్పిన వేలు అడ్డం. తరతరాలుగా కాలు పొట్టిదైన వాడికే లాభం కలిగితే చివరికి కాలే ఉండదు.

ఇది శ్రీలంక అడవుల్లో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. ఆకులు కుళ్లిన మట్టిలో బతికే నెస్సియా అనే నలికిరుల ప్రజాతి ఒకటి అక్కడ ఉంది, మరెక్కడా లేదు. అందులో కాలికి మూడు వేళ్లు ఉన్న జాతి ఉంది, రెండు వేళ్లది ఉంది, నాలుగు కాళ్లకూ ఒక్కొక్కటే వేలు ఉన్నది ఉంది, అసలు కాళ్లే లేనిదీ ఉంది. పుస్తకంలో నాలుగు బొమ్మలు గీసి చెప్పేది ఆ దీవి మట్టిలో ప్రాణంతో ఉంది. మన చుక్కల నలికిరి వడ్లగింజ కాళ్లు చూశాక మా పిల్లలకు అది ఇట్టే అర్థమైంది. బర్కుడా దీవి ప్రాణి పోతే చిల్కా ఒడ్డు పిల్లలు ఇలాంటిదే ఒకటి పోగొట్టుకుంటారు.

ఓబులేసు, కనిగిరి
సెప్టెంబరు 22, రాత్రి 10:30

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. మా ఇంట్లో వాళ్లు వింతగా చూశారు. చెప్పింది నిజమే టీచర్ గారూ. నీళ్ల మాట మాత్రం వెనక్కు తీసుకోను.

యంత్రం శీను, కోవూరు
సెప్టెంబరు 23, ఉదయం 5:55

నేను జేసీబీ నడుపుతాను. పునాదులు, చెరువు పూడికలు, తోటలు చదును చేయడం. ఏడేళ్ల క్రితం పెన్న ఒడ్డున పాత మర్రిచెట్టు కూలిపోతే మొదలు పెకలించాను. బకెట్ మట్టిలో చిటికెన వేలంత లావున, మెరుస్తూ ఒకటి జారింది. వానపాము అనుకున్నాను, కాని వానపాము అంత గట్టిగా ఉండదు, అంత వేగంగా పోదు. దిగి చూసేలోపు మట్టిలో కలిసిపోయింది. కన్ను ఉందో, చెవి ఉందో చూడలేదు. అప్పుడు చూడాలని తెలియదు. ఇప్పుడు ఇదంతా చదివాక మనసు అక్కడికే పోతోంది.

పాత అడవి
సెప్టెంబరు 23, ఉదయం 7:10

శీనూ, అది గుడ్డిపామైనా కావచ్చు, నలికిరి అయినా కావచ్చు. చూడనిదాన్ని చూశామని అనుకోకూడదు. కాని నీ బాధ నాకు తెలుసు, నాదీ అలాంటిది ఒకటి ఉంది.

నేను చదివిన కళాశాల ప్రయోగశాలలో పై అరలో ఒక సీసా ఉండేది. ఫార్మలిన్ పసుపు రంగుకు తిరిగింది. చీటీ మీద "పాము" అని మాత్రమే ఉంది, ఊరు లేదు, తేదీ లేదు. ఒక రోజు తుడవమంటే కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నోటి మూలకు వెనక చిన్న గుంట కనిపించింది. మా డెమాన్‌స్ట్రేటర్‌ను అడిగితే ఎండిపోయి చర్మం లోపలికి పోయిందిలే అన్నారు. నేనూ ఊరుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత చెవి రంధ్రం సంగతి చదివి, వెతుక్కుంటూ వెళ్లాను. భవనం మారేటప్పుడు పాత సీసాలన్నీ గుంట తీసి పూడ్చేశారని చెప్పారు. అది బర్కుడియా అని నేను అనను. ఏమిటో తెలుసుకునే దారి మాత్రం పూడిపోయింది. అందుకే పిల్లలకు చెబుతాను, చీటీ మీద ఊరు పేరూ తేదీ రాయండి, మిగతాది తర్వాత వచ్చేవాళ్లు తేలుస్తారు.

టీచర్ గారి అసలు ప్రశ్నకు వస్తాను. బర్కుడా దీవి జాతికి దగ్గరి చుట్టం మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖపట్నం వైపు దొరికే బర్కుడియా మెలనోస్టిక్టా, దానికీ కాళ్లు లేవు. అదీ కాక తూర్పు కనుమల్లో సెప్సోఫిస్ పంక్టాటస్ అనే కాళ్లులేని చుక్కల నలికిరి ఉంది. ఆ ప్రజాతిలో అదొక్కటే జాతి. మద్రాసు ప్రెసిడెన్సీ అడవులకు అధికారిగా ఉన్న బెడ్డోమ్ 1870లో విశాఖ మన్యంలో దొరికిన ఒకే ఒక్క నమూనాతో దాన్ని వర్ణించాడు. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ దొరకలేదు. ఈ శతాబ్దంలో మళ్లీ కనిపించింది. అన్నేళ్లూ అది అక్కడే ఉంది, రాయి ఎత్తి చూసినవాడు లేడు.

నెల్లూరు, ప్రకాశం సంగతి వేరు. మట్టిలో ఈదే ప్రాణికి గోదావరి, కృష్ణ కోట గోడల లాంటివి. ఇవతల ఉంటే అదే జాతి కాకుండా దాని తోబుట్టువు ఉండవచ్చునేమో. ఇది నా ఊహ, అంతే.

నిమ్మతోట, రాపూరు
సెప్టెంబరు 23, రాత్రి 7:45

అయితే చూద్దాం సార్. పెంచలకోన దారిలో మర్రిచెట్లు, రావిచెట్లు చాలా ఉన్నాయి. ఆదివారం పదిమందిమి పారలు, పలుగులు తీసుకుని ఒక్కొక్క చెట్టు కింద తవ్వుదాం. భోజనాలు నేను పెడతాను. ఏ చెట్టు కింద ఏమి దొరికిందో ఇక్కడే ఫొటోలు, చోటు అన్నీ పెడదాం.

పాత అడవి
సెప్టెంబరు 23, రాత్రి 8:05

వద్దు. గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఆ కొండంతా అభయారణ్యం, అనుమతి లేకుండా గడ్డిపరక తీయకూడదు. చట్టం పక్కన పెట్టినా, మర్రివేళ్ల దగ్గరి ఆ వదులు మట్టే దాని ఇల్లు. ఒకసారి పలుగుతో తిరగేస్తే తేమ పోతుంది, చెదలు పోతాయి, అది తినే పురుగు పోతుంది. వెతకడానికి వెళ్లి మనమే ఖాళీ చేసి వస్తాం.

చోటు పెట్టడం అంతకంటే ప్రమాదం. పూడుపాము గతి ఏమైందో చూశారు కదా. రెండు తలల పాము అని, ఇంట్లో పెట్టుకుంటే కనకవర్షం కురుస్తుందని, లక్షలు పలుకుతుందని పుకారు పుట్టించి, పాపం దాన్ని సంచుల్లో వేసుకుని తిప్పారు. నా సర్వీసులో అలాంటివి పట్టుకున్నాను. తోక మొద్దుగా ఉండడమే అది చేసిన నేరం. కాళ్లులేని నలికిరి అరుదైనదని, ఫలానా చెట్టు కింద ఉందని రాస్తే వారం తిరగకముందే అక్కడ గుంటలు ఉంటాయి. ఫొటో పెట్టండి, మండలం పేరు చాలు.

నిమ్మతోట, రాపూరు
సెప్టెంబరు 23, రాత్రి 8:30

అర్థమైంది సార్. తొందరపడ్డాను. మా తోటలో పాదులు తవ్వేవాళ్లకు మాత్రం ఈ ఉదయమే చెప్పాను, ఇక నలికిరిని కొట్టవద్దని. ఒకామె మీకేమైందండీ అంది.

తడ చిన్నయ్య
సెప్టెంబరు 24, మధ్యాహ్నం 12:15

నేను ఎప్పుడూ రాయను, చదువుతాను. శ్రీహరికోట పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మేము యానాదులం. మా నాయనమ్మ అక్కడే పుట్టింది. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు వాళ్ల కుటుంబం బయటికి వచ్చింది. అంతకుముందు ఆ అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద మద్రాసుకు పోయేవి, కొట్టింది, మోసింది మావాళ్లే. తేనె, పాలపండ్లు, వేళ్లు, మూలికలు ఎక్కడ ఉన్నాయో చెప్పేదీ వాళ్లే.

చేలగట్ల మీద ఎలుక బొరియలు తవ్వడం మాకు చిన్నప్పటి నుంచీ పని. బొరియలో చెయ్యి పెట్టేముందు లోపల ఏముందో తెలియాలి. మట్టి తాజాగా ఉందా, బొరియ నోటి దగ్గర సాలెగూడు ఉందా, వాసన ఏమిటి, అన్నీ చూస్తాం. గుడ్డిపామును, పూడుపామును, నలికండ్లపామును మా చిన్నపిల్లలు కూడా కలపరు.

నిన్న రాత్రి నాయనమ్మను అడిగాను. పళ్లెంలో మట్టి పోసి, వేలితో గీసి చూపించి మరీ అడిగాను. కాళ్లు చిన్నవి ఉన్నవాటిని చాలా చూసిందట. దుంగ కింద, కుళ్లిన ఆకుల కింద, పాలచెట్టు మొదట్లో. కాళ్లు బొత్తిగా లేకుండా రెప్ప వేసేదాన్ని మాత్రం చూడలేదు అంది. కాసేపు ఆగి, "చూడలేదంటే లేదని కాదురా, ఆ ఇసుకలో ఏముందో మమ్మల్ని ఎవరూ అడగలేదు" అంది.

పాత అడవి
సెప్టెంబరు 24, మధ్యాహ్నం 2:00

చిన్నయ్యా, మీ నాయనమ్మ గారికి నా నమస్కారం చెప్పండి. ఈ చర్చలో నేలను చేత్తో చూసిన సాక్ష్యం ఆమెది ఒక్కటే. చూడలేదని చెప్పిన మాట కూడా రాసిపెట్టుకోవలసినదే.

ఎవరూ అడగలేదన్నది పూర్తిగా నిజం కాదు, కాని చాలావరకు నిజం. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డాన్ అనే వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఈ ప్రాంతపు జీవుల గురించి యానాదుల దగ్గర ఎంతో నేర్చుకున్నాడు. కలివికోడిని 1848 ప్రాంతంలో శాస్త్రలోకానికి తెలియజేసింది ఆయనే. 1900 తర్వాత అది కనిపించలేదు, అంతరించిందని రాసేశారు. 1986లో కడప వైపు లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని చూపించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాల్లో లేని పక్షి ఆయన ఎరుకలో ఉంది. నలికిరి విషయంలోనూ దారి అదే అనుకుంటాను.

పలకల రఫీ, మార్కాపురం
సెప్టెంబరు 24, రాత్రి 9:20

సార్, తవ్వకుండా చూసే మార్గం ఒకటి తోచింది. మా గనుల దగ్గర పనికిరాని పలక ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. వర్షం పడ్డ మర్నాడు అవి ఎత్తితే కింద తేళ్లు, జెర్రులు, నలికిరులు, అప్పుడప్పుడు పాముపిల్లలు ఉంటాయి. పలక కింద చల్లగా, తడిగా ఉంటుంది. అలాంటి పలకలు చెట్ల కింద ఊరికే పరిచి పెట్టి, వారానికి ఒకసారి ఎత్తి చూస్తే సరిపోదా? పలకలు నేను పంపిస్తాను. ఖర్చేమీ లేదు, కందుకూరు వైపు మా లారీ వస్తూనే ఉంటుంది.

పాత అడవి
సెప్టెంబరు 24, రాత్రి 9:45

శభాష్ రఫీ. సరీసృపాలను పరిశీలించేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. బడి ఆవరణలో, సొంత తోటల్లో పెట్టుకోవచ్చు. పిల్లల చేత ఎత్తించవద్దు టీచర్ గారూ, పెద్దవాళ్లే ఎత్తాలి. పలక అవతలి అంచును మీ వైపుకు లేపండి, అప్పుడు లోపల తేలు ఉన్నా, కట్లపాము ఉన్నా పలక మీకు అడ్డుగా ఉంటుంది, అది అవతలికి పోతుంది. వేళ్లు కిందికి పెట్టవద్దు, కొక్కెం కర్ర వాడండి. చూశాక ప్రాణిని ముందు పక్కకు పోనిచ్చి, తర్వాత పలక దించండి. లేకపోతే దాని మీదే దింపుతాం.

శారద టీచర్, కందుకూరు
అక్టోబరు 19, సాయంత్రం 5:40

రఫీ గారి పలకలు పన్నెండు వచ్చాయి. బడి వెనక వేపచెట్ల కింద ఆరు, కానుగచెట్టు కింద నాలుగు, ప్రహరీ గోడ వెంట రెండు పెట్టాం. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టడం ఆపించాను. దానికి హెడ్మాస్టరు గారితో రెండు రోజులు మాట్లాడవలసి వచ్చింది. మొదటి మూడు వారాలు చీమలు, రోకలిబండలు తప్ప ఏమీ లేవు. నేల ఎండిపోయి ఉంది.

శుక్రవారం రాత్రి పెద్ద వాన పడింది. శనివారం ఉదయం వాచ్‌మన్ కొక్కెం కర్రతో ఎత్తుతుంటే పిల్లలు పది అడుగుల దూరంలో గీత గీసుకుని నిలబడ్డారు. మూడో పలక కింద జెర్రి. ఏడో దాని కింద కప్పపిల్లలు. తొమ్మిదో పలక, కానుగచెట్టు కింద, ఎత్తగానే ఎర్రటి దారం ముక్క లాంటిది కదిలింది. చుక్కల నలికిరి పిల్ల, తోక మిరపపండు రంగు. రెండు క్షణాలు ఆగింది, కాళ్లు అదిమిపెట్టుకుంది, ఆకుల్లోకి దిగిపోయింది. ఆ హార్లిక్స్ సీసా పిల్లవాడు నోట్‌బుక్‌లో రాశాడు: "కందుకూరు మండలం. అక్టోబరు 18. ఉదయం 8:25. తొమ్మిదో పలక. రాత్రి వాన. కాళ్లు నాలుగు. తోక పూర్తిగా ఉంది."

చిన్నయ్య గారూ, వచ్చే నెల సెలవుల్లో మీ నాయనమ్మ గారిని ఒక్క పూట మా బడికి తీసుకురాగలరా? బస్సు దగ్గరికి నేనే వస్తాను. పిల్లలు అడగవలసినవి ఇప్పటికే రెండు పేజీలు రాసిపెట్టారు.

తడ చిన్నయ్య
అక్టోబరు 19, రాత్రి 8:10

అడిగాను టీచర్ గారూ. వస్తానంది. పలకలు ఎండలో పెట్టారా, నీడలో పెట్టారా అని అడుగుతోంది. నీడలో అని చెప్పాను. అయితే రెండు వేళ్ల మందాన ఆకులు పరిచి వాటి మీద పెట్టమంది, వట్టి నేల మీద కాదట.